ఆటల అక్షయపాత్ర

మా చీడికాడలో కేసెట్టు అన్న మాటకు ఒకప్పుడు మూడు అర్థాలుండేవి. కిళ్ళీబడ్డీలో పొద్దస్తమానం మోగేది పాటల కేసెట్టు. పెళ్ళిళ్ళకీ పండుగలకీ చోడవరం నుంచి డెక్కుతో సహా అద్దెకు దిగేది సినిమా కేసెట్టు. మూడోది ఆటల కేసెట్టు. అమరకోశంలో నానార్థవర్గమని ఒక భాగం ఉంది. ఒకే మాటకు పలు అర్థాలు అందులో చెబుతారు. అమరసింహుడు 1990 ప్రాంతాల్లో మా ఊళ్ళో ఉండి ఉంటే ఈ మాటను ఆ వర్గంలో తప్పకుండా చేర్చేవాడు. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. మొదటి రెండింటిలోనూ టేపు ఉంటుంది. మూడోదానిలో టేపు లేదు, చక్రం లేదు, తిరిగేదంటూ ఏదీ లేదు. విప్పి చూస్తే ఒక ఆకుపచ్చ పలక, దానిమీద తారు చుక్క పడ్డట్టు ఒక నల్లని బొట్టు. అయినా జనం దాన్ని కేసెట్టే అన్నారు. జనం అన్నదే మాట గనక ఈ వ్యాసంలో నేనూ కేసెట్టనే అంటాను.

ఈ కేసెట్టు పుట్టిల్లు జపాను. అక్కడ క్యోటో నగరంలో నింటెండో అనే కంపెనీ ఉంది. 1889లో పెట్టినప్పుడు వాళ్ళ వ్యాపారం పువ్వుల బొమ్మల పేకముక్కలు. వందేళ్ళు తిరక్కుండానే ఆ పేకముక్కల వాళ్ళు జనం ఇళ్ళల్లోని టీవీల్లో దూరారు. 1983 జూలై 15న ఫామిలీ కంప్యూటరనే ఆటపెట్టెను 14,800 యెన్‌లకు అమ్మకానికి పెట్టారు. ముద్దుపేరు ఫామికాం. దాన్ని రూపొందించిన ఇంజనీరు మసయుకి ఉయెమురా. ఆయన 2021లో కాలం చేశారు. పెట్టె ఒక్కటే, కేసెట్టు మారిస్తే ఆట మారుతుంది. హార్మోనియం ఒక్కటే అయినా వాయించేవాణ్ణి బట్టి పాట మారినట్టు. లోకం మొత్తం మీద అటువంటి పెట్టెలు ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

మన పల్లెలదాకా వచ్చినవి మాత్రం ఎక్కువగా అసలు పెట్టెలు కావు, వాటి నకళ్ళు. ఏ దేశంలో అచ్చుపోశారో ఎవరికీ పట్టలేదు. అట్టపెట్టె మీద ఒక పేరు, పెట్టె మీద ఇంకో పేరు, అమ్మేవాడి నోట మూడో పేరు. మేమంతా కలిసి పెట్టుకున్న పేరు "టీవీ గేము".

మా ఇంటికి అది 1993 వేసవిలో వచ్చింది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా మావయ్య తెచ్చాడు. పెట్టె, రెండు చేతిమీటలు, ప్లాస్టిక్ తుపాకి, వాటితోపాటు ఒకే ఒక కేసెట్టు. దాని మీద "9999 ఇన్ 1" అని బంగారు రంగులో అచ్చువేసి ఉంది. ఊరు ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. రోజుకు ఒక ఆట చొప్పున ఆడినా ఇరవయ్యేడేళ్ళు పడుతుందని మా అప్ప గోడమీద బొగ్గుతో లెక్క కట్టింది. తీరా చూస్తే అందులో ఉన్న అసలు ఆటలు చేతివేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే. ఇరవయ్యో నంబరు నుంచి మళ్ళీ మొదటి ఆటే, కాకపోతే రెండో అంకం నుంచి మొదలు. నలభయ్యో నంబరు కూడా అదే, మూడు ప్రాణాల బదులు ఐదు ప్రాణాలు. మా చిన్నప్పటి బజార్లో ఏ కేసెట్టు చూసినా ఇదే వరస. అంకె పెరిగేది గాని ఆట పెరిగేది కాదు.

అయినా ఆ పదో పన్నెండో ఆటలతోనే మాకు నాలుగేళ్ళు గడిచిపోయాయి. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల వేట, సర్కసు. కాంట్రాలో పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి ఎడమ కుడి నొక్కి, ఆపైన బి, ఏ నొక్కితే ముప్ఫై ప్రాణాలు వస్తాయన్న రహస్యం ఆ కాలపు పిల్లలకు గాయత్రీ మంత్రంలా నోటికొచ్చేది. జపానులో పుట్టిన ఆ మంత్రం ఏ పత్రికలోనూ పడకుండా, ఏ రేడియోలోనూ చెప్పకుండా చోడవరం దాటి, వడ్డాది దాటి, చీడికాడదాకా ఎలా నడిచి వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. జానపద సాహిత్యం పాఠం చెప్పేటప్పుడు మౌఖిక ప్రచారం అంటే ఏమిటని పిల్లలడిగితే నేను ఈ ఉదాహరణే చెబుతాను. పాఠభేదాలతో సహా ఉన్నాయి. మాడుగుల పిల్లలు చివర్లో స్టార్టు మీట రెండుసార్లు నొక్కాలని వాదించేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా బావమరిది అమెరికాలో ఉంటాడు. కిందటి సంక్రాంతికి వస్తూ నాకొక చిన్న పొట్లం తెచ్చాడు. విప్పితే కేసెట్టు! అవే కొలతలు, కింద అవే అరవై పళ్ళు. కాని నెత్తిమీద సన్నని గాటు ఒకటుంది. అందులో గోరంత చిప్పను దూర్చాలి. సెల్‌ఫోనులో వేసుకునే మెమరీ కార్డే. దాన్ని ఫ్లాష్ కేసెట్టంటారట. ఫామికాం కోసం ఆ రోజుల్లో వెయ్యికి పైగా ఆటలు వచ్చాయి. అన్నీ కలిపి వేసినా ఆ గోరంత చిప్పలో ఓ మూల కూడా నిండదు.

నమ్మకం కలగకపోతే ఒక్క లెక్క చెబుతాను. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం, కొండలు, మబ్బులు, గొట్టాలు, కోటలు, పాట, ఎనిమిది లోకాలు, అంతా కలిసి 40 కిలోబైట్లు. కంప్యూటరు దస్త్రంలో ఒక తెలుగు గుర్తుకు మామూలుగా మూడు బైట్లు పడుతుంది. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని దాచడానికి మారియో ఆట మొత్తానికన్నా ఎక్కువ చోటు కావాలి. పొదుపుగా రాయడమెలాగో ఆ ఆట రాసినవాళ్ళ దగ్గర మేము, అంటే తెలుగు మాస్టార్లం, నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఫ్లాష్ అన్న మాట ఎక్కడిదని మీకు సందేహం రావచ్చు. తోషిబా కంపెనీలో ఫుజియో మసువొకా అనే ఇంజనీరు 1980 దశకంలో ఒక కొత్తరకం జ్ఞాపకశక్తిని కనిపెట్టాడు. కరెంటు పోయినా అది మరచిపోదు. కావాలంటే ఒక్క దెబ్బకు తుడిచి మళ్ళీ రాయవచ్చు. ఆ తుడిచే తీరు కెమెరా ఫ్లాష్ తళుక్కుమన్నట్టు ఉందని ఆయన తోటి ఉద్యోగి ఆ పేరు సూచించాడట. పాత కేసెట్టులోని జ్ఞాపకం శిలాశాసనంలాంటిది. ఫ్యాక్టరీలో చెక్కిందే చెక్కింది. ఇది పలక. రాసుకోవచ్చు, తుడుచుకోవచ్చు.

అయితే పలక ఒక్కటే చాలదు. ఆటపెట్టె మెదడు మరీ చిన్నది. సొంత జ్ఞాపకం రెండు కిలోబైట్లు. కేసెట్టులోని ఆట రాతలో కూడా ఒక్కసారికి 32 కిలోబైట్లకు మించి దాని కంట పడదు. అంచేత పెద్ద ఆటలు రాసినవాళ్ళు కేసెట్టు లోపలే పుటలు తిప్పే గుమాస్తా ఒకణ్ణి కూర్చోబెట్టేవారు. ఈ ఘట్టానికి ఈ పుట, ఆ ఘట్టానికి ఆ పుట అని అందించడం వాడి పని. చిక్కేమిటంటే ఒక్కొక్క రకం కేసెట్టులో ఒక్కొక్క రకం గుమాస్తా. కొత్త కేసెట్టు అందరి ఆటలూ ఆడించాలంటే అందరి గుమాస్తాల పనీ తెలిసి ఉండాలి. దానికోసం అందులో ఒక చిత్రమైన చిప్పు పెట్టారు. అది పుట్టుకతో ఏమీ కాదు. మనం ఏ ఆట ఎంచుకుంటే ఆ ఆటకు తగిన గుమాస్తాగా అప్పటికప్పుడు తన లోపలి తీగల అల్లికనే మార్చుకుంటుంది. మన పల్లెల్లో పగటివేషగాడు పొద్దున శివుడు, మధ్యాహ్నం సోమయాజులు, సాయంత్రం పిట్టలదొర అయినట్టన్నమాట. ఇటువంటి కేసెట్లు చేసేవారిలో పేరుపడ్డవాడు ఈగోర్ గొలుబోవ్‌స్కీ అనే యుక్రెయిన్ దేశస్థుడు. క్రిక్జ్ అనే పేరుతో ఎవర్‌డ్రైవ్ అన్న వరస కేసెట్లు చేశాడు. జపాను పెట్టె, యుక్రెయిన్ బుర్ర, చీడికాడ గది. లోకం చిన్నదైపోయిందంటే ఇదే కాబోలు.

సరే, పొట్లం సంగతి మా కాలేజీలో తెలిసింది. మా కామర్సు మాస్టారు నిక్కచ్చి మనిషి. "అయితే మాస్టారూ, మీరిప్పుడు దొంగసొత్తు ఇంట్లో పెట్టుకున్నారన్నమాట" అన్నాడు టీ తాగుతూ.

నేను ఊరుకుంటానా? తెలుగు మాస్టారి దగ్గర ఇటువంటి వాటికి తయారుగా సరుకు ఉంటుంది. "బ్రౌను దొర తాళపత్రాలు సేకరించి, పండితులను కూర్చోబెట్టి నకళ్ళు రాయించకపోతే ఎన్ని గ్రంథాలు దక్కేవి? మానవల్లి రామకృష్ణకవిగారు తంజావూరులో పడి ఉన్న ప్రతిని చూసి 1909లో అచ్చువేయించకపోతే నన్నెచోడుడనే కవి ఒకడున్నాడని మనకు తెలిసేదా? నకలు తీయడం దొంగతనమైతే తెలుగు సాహిత్యంలో సగం దొంగసొత్తే" అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు: "నన్నెచోడుడు పోయి వందల ఏళ్ళయింది. ఈ ఆటలు రాసినవాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళ కంపెనీలూ ఉన్నాయి. తాటాకుకు చెదలు పడుతుంది, నిజమే. కాని చెదలు పడుతుందేమోనన్న భయంతో పక్కింటివాడి బీరువా తెరవడానికి వీల్లేదు గదా?"

మాట సూటిగా ఉంది. ఆ రాత్రి చట్టం ఏమంటోందో చదివాను. చదువుతూంటే నాకు పట్టరాని సంతోషం కలిగిన సంగతి ఒకటి చెప్పాలి. మన దేశపు 1957 కాపీరైటు చట్టంలో సాహిత్యకృతి అన్న మాటకిచ్చిన నిర్వచనంలో కంప్యూటరు ప్రోగ్రామును కూడా చేర్చారు. అంటే చట్టం దృష్టిలో మారియో ఆట రాత కూడా సాహిత్యమే! నవలతో, నాటకంతో ఒకే పంక్తిలో భోజనం. నేను ఇరవయ్యేళ్ళుగా క్లాసులో సాహిత్యమంటే ఏమిటో చెబుతూనే ఉన్నాను గాని ఇంత విశాలమైన నిర్వచనం ఏ ఆలంకారికుడూ ఇవ్వలేదు. సాహిత్యమైనప్పుడు దాని హక్కులూ సాహిత్యానికున్నవే. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆపైన అరవయ్యేళ్ళు. మా మనవలకు మనవలు పుట్టే వేళకుగాని ఈ ఆటలు ఊరుమ్మడి సొత్తు కావు.

అదే చట్టం 52వ సెక్షనులో ఒక చిన్న కిటికీ కూడా తెరిచి ఉంచింది. న్యాయంగా ఒక ప్రోగ్రాము ప్రతి మన దగ్గర ఉంటే, అది పాడైపోతుందేమో, పోతుందేమో అన్న జాగ్రత్త కోసం ఆ ప్రతి నుంచే మనం ఒక నకలు తీసి ఉంచుకోవచ్చు. కిటికీ అంతవరకే. కేసెట్టు లేనివాడు ఎవడో తీసిన నకలును ఎక్కడినుంచో దింపుకుంటే అది ఈ కిటికీలోంచి పట్టదు. కంపెనీలు ఊరుకోవు కూడా. చేతిలో పట్టుకునే ఆటపెట్టెల్లో వేసే ఇటువంటి కేసెట్ల విషయంలో నింటెండో వారూ, ఆటలు చేసే మరికొన్ని కంపెనీలూ కోర్టుకెక్కితే 2009 ఫిబ్రవరిలో టోక్యో జిల్లా కోర్టు జపానులో వాటి అమ్మకాన్ని ఆపించింది. కేసెట్టు పలకవంటిది; పలక నేరం చేయదు. దానిమీద ఏం రాస్తామన్నదే ప్రశ్న.

రెండో పక్క సంగతీ మరువకూడదు. 2023లో అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషనువారు లెక్క తీస్తే, ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో నూటికి 87 ఇప్పుడు అంగట్లో దొరకనే దొరకవని తేలింది. డబ్బిచ్చి కొందామన్నా అమ్మేవాడు లేడు. కేసెట్లు చూస్తే అవీ చిరంజీవులు కావు. ఆటలో సాధించినదాన్ని గుర్తుంచుకోవడానికి కొన్నింటిలో గుండీంత బ్యాటరీ ఉంటుంది. ముప్ఫై నలభై ఏళ్ళకు అది చచ్చిపోతుంది. దానితోపాటు పిల్లవాడెవడో వేసవంతా కష్టపడి గెలుచుకున్న రాజ్యం కూడా. పళ్ళకు కిలుము పడుతుంది. మేము ఆట రాకపోతే కేసెట్టు తీసి ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం; ఊపిరిలోని తేమ పళ్ళను ఇంకా పాడుచేస్తుందని తరవాత తెలిసింది. ఆట వచ్చేది ఊదినందుకు కాదు, తీసి పెట్టినందుకు.

అంచేత మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఆ ఫ్లాష్ కేసెట్టులోకి ఎక్కవలసిన ఆట అసలు కేసెట్టు మా బీరువాలో ఉండాలి. లేదా ఆట రాసినవారు ఇష్టపడి అమ్మినదో, ఊరికే ఇచ్చినదో అయి ఉండాలి. ఈ రెండో రకం ఆటలు ఇవాళ కూడా పుడుతున్నాయంటే మీరు నమ్మరు. 2019లో మార్ఫ్‌క్యాట్ అనే చిన్న జర్మను బృందం మైక్రో మేజెస్ అన్న కొత్త ఆటను ఆ పాత పెట్టె కోసమే రాసి అమ్మింది. అదీ 40 కిలోబైట్లలోనే, ఒక్కసారి నలుగురు ఆడేటట్టు. గ్రాంథికంలో ఇవాళ కూడా కావ్యం రాసేవాళ్ళుంటే నవ్వుతారేగాని, ఛందస్సు తెలిసినవాడికి ఆ ఇరుకులోని సుఖం తెలుసు.

కట్టుబాటు వినగానే మా వాడు మొహం ముడుచుకున్నాడు. వాడు తొమ్మిదో తరగతి. వాడి స్నేహితుడి దగ్గరా ఇటువంటి కేసెట్టే ఉందట, అందులో రెండువేల ఆటలట. ఒక ఆదివారం నేనే వాడి వెంట వెళ్ళి ఆ ఇంట్లో కూర్చున్నాను. ఇద్దరు పిల్లలూ గంటంబావు సేపు ఆడారు. ఆడారంటే అబద్ధం; పట్టిక చదివారు. ఒకటి పెడతారు, రెండు నిమిషాలు చూస్తారు, మొదటి గోతిలో పడతారు, "బాగులేదు" అంటారు, తీసేస్తారు. మళ్ళీ పట్టిక. పెళ్ళిపందిట్లో ముప్ఫై రకాలు వడ్డించిన విస్తరిముందు కూర్చున్నవాడు ఒక్కొక్కటి వేలితో తాకి లేచిపోయినట్టుంది. మాకు ఒకే ట్యాంకుల ఆట ఉండేది. ఏ ఇటుక వెనక నుంచి ఏ ట్యాంకు వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. అదేదో గొప్పని నేననడం లేదు. గత్యంతరం లేక అలా నేర్చుకున్నాం. కాని నేర్చుకున్న మాట నిజం.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ పచ్చిమిరపకాయలు తొడిమలు తీస్తూ అంది: "అక్షయపాత్రకైనా ద్రౌపది భోంచేసేవరకే గదండీ గడువు! ఆమె తిని కడిగి బోర్లిస్తే ఆ పూటకు సూర్యభగవానుడిచ్చిన పాత్ర కూడా ఖాళీయే. దేవుడే హద్దు పెట్టాడు. మీరు పెట్టడానికేం?"

ఎమ్మే తెలుగు నేను చదివాను. భారతం మాత్రం ఆవిడకే సమయానికి గుర్తొస్తుంది. అప్పటినుంచి మా ఇంట్లో వారానికి ఒకే ఆట. ఆదివారం పొద్దున్న ఎంచుకోవాలి. విసుగొచ్చినా, ఓడినా, మళ్ళీ ఆదివారందాకా మార్చకూడదు. మొదటి మూడు వారాలు మా వాడు సత్యాగ్రహం చేశాడు. నాలుగో వారం రాత్రి పదిగంటలకు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "నాన్నా, ఆ నదిమీద వంతెన పేలకముందే దూకితే దాటొచ్చు!" అన్నాడు. కాంట్రా మొదటి అంకంలో వంతెన అది. నేనూ ఆ వయసులోనే కనిపెట్టాను. కాని ఆ మాట వాడితో అనలేదు.

కొన్నిటిని ఈ కేసెట్టు కూడా తీసుకురాలేదు. బాతుల వేట ఉంది చూశారూ, అందులో తుపాకి మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. తుపాకి గొట్టంలోని కన్ను ఆ తెలుపును చూస్తే బాతు చచ్చినట్టు లెక్క. ఆ తంత్రమంతా పాతకాలపు బుర్ర టీవీ వెలుగు తీరుమీద ఆధారపడింది. ఇప్పటి పల్చని టీవీలమీద ఆ తుపాకి గుడ్డిది. ఆట ఉంది, తుపాకి ఉంది, బాతులు మాత్రం హాయిగా ఎగిరిపోతాయి. మా పాత టీవీని పాత ఇనపసామాన్లవాడికి ఇచ్చి పదిహేనేళ్ళయింది.

మరి ఇంత తంటా ఎందుకు, కంప్యూటరులోనే ఆ పాత పెట్టెను అనుకరించే ప్రోగ్రాములున్నాయి కదా అని మీరనవచ్చు. మా వాడూ అదే అన్నాడు. ఒక మధ్యాహ్నం తన లాప్‌టాపులో సర్కసు ఆట పెట్టి చూపించాడు. పాట మొదలైంది. వెనకగదిలో పడుకున్న మా అమ్మ లేచి గుమ్మంలోకి వచ్చింది. డెబ్భయ్యారేళ్ళ మనిషి. నాన్నగారు పోయాక ఏది అడిగినా "ఊఁ" తప్ప ఎక్కువ మాట్లాడడం మానేసింది.

"ఏటిరా ఆ పాట? ఎవలో తరువుతున్నట్టుంది?" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆవిడన్నది అక్షరాలా నిజం. జపానులో టీవీ తెరమీద బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుంది. మన దేశపు టీవీ పద్ధతిలో యాభైసార్లే. మన బజార్లో అమ్మిన ఆ నకలు పెట్టెను మన టీవీకి తగ్గట్టు యాభైకి సర్దారు. అంచేత ఆరు అడుగులు నడవవలసిన ఆట మన దగ్గర ఐదే నడిచింది. పాట శ్రుతి దాదాపు మారలేదు, లయ మాత్రం నెమ్మదించింది. లాప్‌టాపులో వినబడ్డది జపాను లయ. మా అమ్మ చెవిలో ఉన్నది చీడికాడ లయ. ముప్ఫై ఏళ్ళ తరవాత, పక్కగదిలోంచి, నిద్రమత్తులో ఆవిడ ఆ తేడా పట్టేసింది.

"ఈ ఆట నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

ఆవిడ గుమ్మం పట్టుకుని కాసేపు ఆలోచించింది. "మీరు బడికెళ్ళీవోరు. మీ నాన్న బెల్లం గానుగ కాడికెళ్ళీవోరు. భోజనాలయ్యేక మీ అప్పా నేనూ ఆడీవోలం. అగ్గిరింగుల్లోంచి సింహం దూకీది, అది కాదేటి?" అని, గొంతు తగ్గించి, "మీ నాన్నకి తెల్దు" అంది.

నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ సంగతి నాకూ తెలియదు. మా అప్పకు ఫోను చేస్తే అది పగలబడి నవ్వింది. "అమ్మ నాకంటే బాగా ఆడేదిరా! సింహం దాటేది, తాడుమీద కోతులు దాటేది, బంతులు కూడా దాటేది. ఆ తరవాత గుర్రం వస్తుందిట. అది మాత్రం చూడలేదు. మూడు గంటలకు కరెంటు పోయేది. మళ్ళీ మర్నాడు మొదటినుంచి సింహం" అంది.

ఆ రోజుల్లో వేసవి మధ్యాహ్నాల కోత ఎలా ఉండేదో చోడవరం చుట్టుపక్కల పెరిగినవారికి నేను చెప్పనక్కరలేదు. కరెంటు పోతే ఆ పెట్టెకు ఏదీ గుర్తుండదు. దాటిన బంతులూ లేవు, కోతులూ లేవు. ఎన్ని మధ్యాహ్నాలు ఆవిడ ఆ సింహం దగ్గర మళ్ళీ మొదలుపెట్టిందో!

మా బావమరిదికి రాశాను. వాడు అక్కడ పాత సరుకుల దుకాణాల్లో వెతికి, 1986లో జపానులో వచ్చిన అసలు సర్కస్ చార్లీ కేసెట్టును కొని పోస్టులో పంపాడు. దానితోపాటే కేసెట్టును చదివి కంప్యూటరులోకి ఎక్కించే చిన్న పరికరం కూడా. కామర్సు మాస్టారిని సాక్షిగా కూర్చోబెట్టి మేమే నకలు తీశాం. అసలును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాం. అటకమీది పాత పెట్టెను దింపి దుమ్ము దులిపితే, ఎలక కొరికిన తీగ ఒకటి మార్చాక, నిక్షేపంలా వెలిగింది. నకలు పెట్టెలన్నీ ఈ కొత్త కేసెట్టుకు ఒప్పుకోవు. మాది ఒప్పుకుంది.

పాట మొదలైంది. అమ్మ తల ఊపింది. "ఇదీ" అంది.

చేతిమీట పట్టుకోవడం ఆవిడ వేళ్ళకు గుర్తుందిగాని కీళ్ళకు ఓపిక లేదు. మొదటిరోజు మూడో నిప్పు రింగు దగ్గరే సింహానికి చుర్రుమంది. రెండో రోజూ అంతే. మా వాడు నానమ్మ పక్కన బైఠాయించి "ఇప్పుడు నొక్కు, ఇప్పుడు" అని అరవడం, ఆవిడ "నాకు తెల్సురా గుంటడా, నువ్వుండు" అని కసరడం. ఆ ఇంట్లో అన్ని మాటలు ఒక్కసారిగా నేను విని చాలా కాలమైంది. ఈ ఫ్లాష్ కేసెట్టులో ఒక సదుపాయం ఉంది. ఆట మధ్యలో ఎక్కడైనా ఆపి, ఆ క్షణాన్ని ఉన్నదున్నట్టు కార్డుమీద రాసిపెట్టుకోవచ్చు. మర్నాడు సరిగా అక్కడినుంచే మొదలు. అమ్మ సింహం దాటిన రోజున మా వాడు అక్కడ గుర్తు పెట్టాడు. కోతులు దాటడానికి నాలుగు రోజులు, బంతులకు తొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. ఎవరికీ ఏమీ పోలేదు.

పదహారో రోజు మధ్యాహ్నం తెరమీదికి తెల్లని గుర్రం వచ్చింది. నేను క్లాసు ముగించుకుని అప్పుడే ఇంట్లో అడుగుపెట్టాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆ గుర్రాన్ని చాలాసేపు చూసింది. ఆడలేదు. ఊరికే చూసింది.

"నానమ్మా, ఆడు" అన్నాడు మా వాడు. "దీని తరవాత ఉయ్యాలలు కూడా ఉన్నాయి."

"ఉయ్యాలలు రేపు చూద్దాం" అంది అమ్మ మీట వాడి చేతికిస్తూ. "ఈ పూటకి గుర్రాన్ని అక్కడే కట్టేయరా. పోయి మీ అప్పమ్మకి ఫోను చెయ్యి, నేను మాట్లాడాల."